తాగమనేవాళ్ళే గానీ...

రోజూ మూడు లీటర్ల నీళ్ళు తాగండి, నొప్పి బిళ్ళలు మింగకండి, ఉప్పు తగ్గించండి. ఈ వారం నా చేతికొచ్చిన కరపత్రంలోని మాటలివి. ఒక్కటీ తప్పు కాదు. అయినా చదువుతుంటే ఒళ్ళు మండింది. దాన్ని పంచిపెట్టింది ఉద్దానంలో మరి!

కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు... కొబ్బరి, జీడి, పనస తోటలతో కళకళలాడే నేల. అక్కడ బీపీ, షుగర్ లేనివాళ్ళకీ కిడ్నీలు పాడవుతున్నాయి. నీళ్ళలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండన్నారు, వంశమన్నారు. ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు.

సరే, తేలేదాకా కళ్ళెదుట కనిపిస్తున్నదైనా చూడాలి కదా. పలాస వైపు జీడి పిక్కలు కొట్టే చోట ఒకావిడను చూశాను. రేకుల కప్పు, కింద పొద్దుటి నుంచీ అదే కూర్చోడం, జీడి నూనెకు వేళ్ళు నల్లబడి తోలు లేచిపోయాయి. పక్కనున్న సీసాలో నీళ్ళు మూత తియ్యకుండా అలాగే ఉన్నాయి. ‘తాగవేమ్మా?’ అంటే, ‘తాగితే ఎక్కడికెల్తాం బాబూ?’ అంది. ఆ షెడ్డుకు మరుగుదొడ్డి లేదు. సాయంత్రానికి నడుము పట్టేస్తే కిరాణా కొట్లో బిళ్ళ కొనుక్కుంటుంది. ఆవిడకు ఆ కరపత్రం ఏం చెప్పినట్టు?

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభించారు. హిరమండలం నుంచి 700 కోట్లతో మంచినీళ్ళూ తెచ్చారు. రెండూ కావలసినవే. కానీ మన ప్రభుత్వాలకు, ఏ పార్టీవైనా సరే, ఆరోగ్యమంటే భవనమే. పడకలు లెక్కపెడతారు, డయాలసిస్ యంత్రాలు లెక్కపెడతారు. మనిషి ఏ ఎండలో, ఎన్ని గంటలు, ఏం తాగి పనిచేస్తున్నాడో లెక్కపెట్టే నాథుడు లేడు. నికరాగువాలో చెరకు కోసే కూలీలకూ ఇలాంటి జబ్బే. అక్కడ పనివేళల్లో నీళ్ళు, నీడ, విరామం పెంచి చూస్తే కిడ్నీలు దెబ్బతినడం తగ్గింది. అందుకు పెద్ద ఆసుపత్రి అక్కర్లేకపోయింది.

చేసే పనితో ఆరోగ్యం ముడిపడడం పేద దేశాల సంగతే అనుకోకండి. 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం లండన్ ప్రభుత్వోద్యోగుల మీద చేసింది. ఉచిత వైద్యం ఉన్న దేశంలో, ప్రభుత్వ కొలువుల్లో కూడా అట్టడుగు హోదా వాళ్ళ మరణాల రేటు పై హోదా వాళ్ళకు మూడు రెట్లుంది. అంటే ఆసుపత్రి ఒక్కటే చాలదని ఎప్పుడో తెలిసింది. మన దగ్గరా తెలియక ఆగింది తక్కువ. నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని 1937లోనే వైద్య పత్రికల్లో రాశారు. అదే జబ్బుతో నల్లగొండలో ఎన్ని తరాల నడుములు వంగిపోయాక ఇంటింటికీ కృష్ణా నీళ్ళొచ్చాయి?

ఇదంతా చూడ్డానికి ఆ జీడి షెడ్డు దాకా పోనక్కర్లేదు. మీ ఊరి బట్టల దుకాణానికే వెళ్ళండి. చీరలు పరిచి చూపించే అమ్మాయి పొద్దున్నుంచీ నిలబడే ఉంటుంది. కౌంటరు వెనక స్టూలుండదు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే హక్కును చట్టంలోనే రాసేశాయి. స్టూలు వెయ్యడానికి ఏ పరిశోధన ఫలితమూ రానక్కర్లేదు. ఈసారి చీర కొనేటప్పుడు యజమానిని పిలిచి అడగండి, ఈ పిల్ల కూర్చునేదెక్కడ, వెళ్ళేదెక్కడ అని.