గడియారము చూపని ఈశ్వరుడు

గడియారమును చూచి, దానిని నిర్మించినవాడొకడు కలడని ఊహించుట సహజము. 1802లో విలియం పేలీ ఈ దృష్టాంతముతోనే జగత్కర్తను స్థాపింపబూనెను. సృష్టిని బట్టి స్రష్టను గ్రహించు ఈ విచారమునకు పాశ్చాత్యులు సహజ దైవశాస్త్రమని పేరిడిరి. నేడు పెక్కుమంది ఆస్తికులు, హిందువులు సైతము, ఈ వాదమును నాస్తికులపై బ్రహ్మాస్త్రముగా భావించుచున్నారు. ఆ అస్త్రము ఎంతదూరము పోగలదో క్రైస్తవాచార్యులే తెలిపియున్నారు.

పదమూడవ శతాబ్దమున థామస్ అక్వినాస్ ఐదు మార్గముల ఈశ్వరాస్తిత్వమును సాధించెను. కాని త్రిత్వము కేవలయుక్తికి అందదని తానే అంగీకరించెను. అనగా యుక్తి ఆదికారణమును సూచింపగలదే గాని, ఆ క్రైస్తవుడు మ్రొక్కు దైవమును చూపజాలదు. 1779లో వెలువడిన డేవిడ్ హ్యూమ్ సంవాదములు మరింత కఠినముగా ప్రశ్నించినవి: ఒక గృహమును పలువురు కూడి కట్టుదురు గదా, జగత్తునకు కర్త ఒక్కడే యనుటకు హేతువేమి?

ఈ ప్రశ్న భారతీయులకు నూతనము కాదు. ఆరు శతాబ్దములకు పైగా పూర్వమే భగవద్రామానుజులు శ్రీభాష్యమున, శాస్త్రయోనిత్వాధికరణమునందు, ఈ దోషమునే ఎత్తిచూపి, బ్రహ్మవిషయమున శాస్త్రమే ప్రమాణమని నిర్ణయించిరి. ఉదయనాచార్యులు న్యాయకుసుమాంజలిలో అనుమానముచే ఈశ్వరుని సాధింపలేదా యని ఆక్షేపింపవచ్చును. సాధించిరి, కాని కర్త కలడని తెలియుట వేరు, ఆతని స్వరూపము నెరిగి శరణొందుట వేరు.

1934లో జర్మనీయందు ఈ చర్చ ప్రాణాంతకమయ్యెను. జాతియందును, రక్తమునందును, చరిత్రయందును దైవసంకల్పమును కనుగొన్నామనిన ‘జర్మన్ క్రైస్తవులు’ నాజీలకు దాసోహమనిరి. వారికి ప్రతిగా వెలువడిన బార్మెన్ ప్రకటనమును ప్రధానముగా రచించినవాడు కార్ల్ బార్త్. ఆ ఏడే ఎమిల్ బ్రున్నర్ సహజ దైవశాస్త్రమునకు కొంత చోటీయజూడగా, బార్త్ ‘కాదు!’ అను శీర్షికతోనే బదులిచ్చెను. ప్రకృతిలో దైవమును వెదకువాడు తన కోరికనే దైవముగా పూజింపవచ్చునను ఈ హెచ్చరిక ఏ మతస్థుడైనను చెవినబెట్టదగినది.

అయినను బార్త్ మార్గము సంపూర్ణము కాదు. యుక్తిని గడప వెలుపల నిలిపినచో, దైవము మాతోనే పలికెనను వేయి గొంతుకలలో సత్యమేదో తేల్చునదెట్లు? అందుకే వేదాంతము శ్రవణానంతరము మననమును విధించినది. యుక్తి శ్రుతికి పరిచారిక. ఆమెను సింహాసనమెక్కించుట పేలీ దోషము. ఇంటినుండి వెడలగొట్టుట బార్త్ దోషము.

ప్రహ్లాదుడు స్తంభమును బట్టి శిల్పిని అనుమానింపలేదు. గర్భస్థుడై నారదోపదేశమును వినినవాడు గనుక, అందున్న హరిని ఎరిగియుండెను.