కొట్టి చెప్పించే దర్యాప్తును ఖండిస్తున్నాం

నిజామాబాద్: ఉగ్రవాద కేసుల్లో అనుమానితులకు థర్డ్ డిగ్రీ ఇస్తే తప్ప నిజం బయటికి రాదనే వాదనను, కోర్టు తేల్చకముందే వారిని దోషులుగా ప్రచారం చేయడాన్ని, ఆ పేరుతో బోధన్, నిజామాబాద్ పట్టణాలకు ‘ఉగ్రవాదుల అడ్డా’ అని ముద్ర వేయడాన్ని మా సంఘం తీవ్రంగా ఖండిస్తోంది.

కరాటే శిక్షణ మాటున పాపులర్ ఫ్రంట్ ఆఫ్ ఇండియా కార్యకలాపాలు సాగుతున్నాయంటూ 2022 జులైలో నిజామాబాద్ పోలీసులు కేసు నమోదు చేశారు. ఆగస్టులో దాన్ని జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) చేపట్టింది. సెప్టెంబరు 18న తెలంగాణలో 38 చోట్ల సోదాలు జరిగితే, వాటిలో 23 మన జిల్లాలోనే. 2025 సెప్టెంబరులో ఢిల్లీ పోలీసులు ఐసిస్ సంబంధాల ఆరోపణపై బోధన్ యువకుడొకరిని అరెస్టు చేశారు. ఈ కేసుల్లో దర్యాప్తు ఆపాలని మేం కోరడం లేదు. జనం ప్రాణాలు తీయాలని చూసేవారు ఎవరైనా సరే పట్టుబడాలి, శిక్ష పడాలి. ఆ శిక్ష పడాలంటే కోర్టులో నిలిచే సాక్ష్యం కావాలి.

కొట్టి రాబట్టిన మాట ఎంత దూరం తీసుకెళ్తుందో హైదరాబాద్ మక్కా మసీదు పేలుడు కేసు చూపింది. 2007 మే 18న పేలుడులో తొమ్మిది మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకెళ్లారు. వారిని హింసించారని మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది రవిచందర్ నివేదిక ఇచ్చారు. 2012లో ప్రభుత్వమే 70 మందికి పరిహారం ప్రకటించింది. మరుసటి ఏడాది హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. అంతకు ముందే దర్యాప్తు మరోవైపు మళ్లింది. నిందితుడైన హిందూ సన్యాసి అసీమానంద తన ఒప్పుకోలును, బలవంతంగా చెప్పించారంటూ వెనక్కి తీసుకున్నారు. 2018 ఏప్రిల్ 16న ఎన్ఐఏ కోర్టు ఆయనతో పాటు మరో నలుగురిని నిర్దోషులుగా వదిలేసింది. బాంబు పెట్టిందెవరో చనిపోయిన వారి కుటుంబాలకు ఇప్పటికీ తెలియదు. నిందితుడి మతం ఏదైనా మా మాట ఒక్కటే: బలవంతపు ఒప్పుకోలు అసలు నేరస్థుడికే మేలు చేస్తుంది.

చట్టం కూడా ఇదే చెబుతోంది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యమివ్వాలని ఎవరినీ బలవంతపెట్టకూడదన్నది రాజ్యాంగం 20(3) అధికరణం. గతంలోని ఉగ్రవాద వ్యతిరేక చట్టాలైన టాడా, పోటా పోలీసు అధికారి ముందు ఒప్పుకోలును సాక్ష్యంగా అంగీకరించాయి. ఇప్పుడున్న చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) అలా అంగీకరించదు. ఇష్టం లేకుండా నార్కో పరీక్ష చేయకూడదని 2010లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. హింసకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందంపై 1997లో సంతకం పెట్టిన మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు.

నిజాం షుగర్స్ 2015లో మూతపడ్డాక ఈ ప్రాంతంలో పని దొరకడం మరింత కష్టమైంది. చాలా ఇళ్లు గల్ఫ్ సంపాదన మీదే నడుస్తున్నాయి. విచారణకు పిలిచి వదిలేసిన కుర్రాడి ఫొటో టీవీలో తిరిగితే అతని పాస్‌పోర్టు, ఉద్యోగం, చెల్లెలి పెళ్లి అన్నీ చిక్కుల్లో పడతాయి. ఆ నష్టాన్ని ఏ కోర్టూ పూడ్చలేదు.

అందువల్ల మా డిమాండ్లు:

1. విచారణకు పిలిచే ప్రతి ఒక్కరికీ రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అరెస్టు చేస్తే కుటుంబానికి వెంటనే తెలపాలి, 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి.

2. ఇంటరాగేషన్ సమయంలో న్యాయవాదిని కలిసే హక్కును, వైద్య పరీక్షలను తప్పనిసరిగా అమలు చేయాలి.

3. 2020 డిసెంబరు నాటి సుప్రీంకోర్టు ఆదేశం ప్రకారం పోలీస్ స్టేషన్లలో, ఎన్ఐఏ వంటి సంస్థల కార్యాలయాల్లో మాటలు కూడా రికార్డయ్యే సీసీ కెమెరాలు పనిచేయాలి.

4. ‘విచారణలో ఒప్పుకున్నాడు’ అంటూ లీకులివ్వడం ఆపాలి. మీడియా వాటిని ప్రసారం చేయకూడదు.

5. హింసను నేరంగా గుర్తించే ప్రత్యేక చట్టాన్ని పార్లమెంటు చేయాలి.

ఈ డిమాండ్ల కోసం మతాలకు, పార్టీలకు అతీతంగా గొంతు కలపాలని న్యాయవాదులను, ఉపాధ్యాయులను, కార్మిక సంఘాలను, విద్యార్థులను కోరుతున్నాం.

— సంఘం జిల్లా కార్యవర్గం, నిజామాబాద్