అచ్చుపలకపై అల

విశాఖపట్టణపు తీరమున నిలిచి అలను చూడని బాలుడు లేడు. అది పొంగుట, విరుగుట, నురుగై వెనుకకు జారుట మనకు నిత్యదర్శనము. అట్టి అలను లోహపు పలకపై చెక్కి, కాగితముమీద నిలిపిన ఒక తెలుగు కళాకారుని మీకు పరిచయము చేసెదను.

ఆయన కృష్ణారెడ్డిగారు. 1925లో చిత్తూరు జిల్లా నందనూరున జన్మించిరి. శాంతినికేతనమున నందలాల్ బోసుగారికడ చిత్రకళ నేర్చి, పిదప లండనునకు, అటనుండి పారిసునకు ఏగిరి. పారిసులో హేటరు అను కళాకారుని ముద్రణశాలలో సహచరులతో కూడి ఒక నూతన పద్ధతిని రూపొందించిరి.

రంగుల చిత్రమును అచ్చు వేయుటకు సాధారణముగా ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క పలక కావలెను. ఈ పద్ధతిలో ఒక్క పలకయే చాలును. దానిని కొన్నిచోట్ల లోతుగా, కొన్నిచోట్ల పైపైన చెక్కుదురు. గట్టి రోలరు పలక పైభాగమును మాత్రమే తాకును. మెత్తని రోలరు లోతులలోనికి దిగును. నూనె ఎక్కువగల పలుచని రంగు అంటినచోట చిక్కని రంగు అంటదు. అందుచేత రంగులు కలగాపులగము కాక, ఒక్క ఒత్తిడితోనే అన్నియు కాగితమున కెక్కును. ‘అల’ ఆయన ప్రసిద్ధ చిత్రములలో నొకటి. 1963 నాటి ‘సుడిగుండము’ను చూచిన, నీరు గిరగిర తిరుగుచున్నట్లే తోచును.

“అచ్చు వేసినది నకలే గదా!” అని కొందరు తేలికగా పలుకుదురు. నేనందుల కొప్పుకొనను. గోడమీది పటమును ఫోటో తీసి అచ్చు వేసినచో అది నకలు. ఇచ్చట పలకకు ముందు వేరొక మూలచిత్రము లేదు. పలకను చెక్కినదియు, ప్రతి తడవ రంగు పూసినదియు చేయియే. ఫ్రాన్సు పొలములను, పల్లెదారులను చిత్రించి పేరొందిన కామీల్ పిస్సారో (1830–1903) సయితము కుంచెతోపాటు చెక్కుడు సూదిని పట్టెను. కుంచెతో వేసిన పటము ఒక్క గోడనే అలంకరించును. అచ్చు ప్రతులు పెక్కిండ్లకు చేరును.

ఆ తేలికమాట వెనుక మరియొక దోషము కలదు. అది చేతిపనిని చిన్నచూపు చూచుట. మన ఊరిలో అది మరింత తగదు. ఇచ్చట ఉక్కును కాచి కడ్డీలుగా సాగదీయు చేతులున్నవి. రేవులో ఇనుముతో, నూనెతో మెలగు చేతులున్నవి. మీలో పెక్కుమంది వారి బిడ్డలే. లోహము, నూనె, రోలరు: ఇవియే కృష్ణారెడ్డిగారి సాధనములు. వాటితోనే ఆయన లోకఖ్యాతి నార్జించి, 1972లో పద్మశ్రీ పొంది, 2018లో న్యూయార్కు నగరమున కన్నుమూసిరి.

ఈ మారు తీరమునకు పోయినప్పుడు అలను నిదానముగా చూడుడు. ఎచ్చట లోతు, ఎచ్చట పలుచన, ఎచ్చట వెలుగు? అట్లు చూచు కన్నును, శ్రమకు వెరవని చేయియు కలిసినచోట కళ పుట్టును.