బాలబాలికల మనోవ్యథ

బిడ్డకు జ్వరము వచ్చినచో మన తలిదండ్రులు ఆ రాత్రియే వైద్యుని తలుపు తట్టుదురు. ఆ బిడ్డయే నెల దినములు నిద్రలేక, అన్నము ముట్టక, ఎవ్వరితోడను మాటాడక మూల గూర్చుండినచో ‘పొగరు’ అందురు. ‘గాలి సోకినది’ అందురు. లేదా పెండ్లి సంబంధములు చెడునని గుట్టుగ దాచుదురు. దేహమునకు వచ్చిన వ్యాధి యవమానము కాదని యెఱిగిన మనము మనస్సునకు వచ్చినదానిని మాత్రము అవమానముగ నేల తలపవలయును?

ఇది యుపేక్షింపదగిన విషయము కాదు. బెంగుళూరి నిమ్‌హాన్స్ వారు 2015-16లో జరిపిన జాతీయ పరిశీలనలో 13 మొదలు 17 ఏండ్ల వారిలో నూటికి ఏడుగురికి మించి ఏదో యొక మానసిక రుగ్మత గలదని తేలినది. 2022లో దేశమున 13,044 మంది విద్యార్థులు తమ ప్రాణములు తామే తీసికొనిరని ప్రభుత్వపు లెక్కలే చెప్పుచున్నవి. ఆ యేడు పరీక్ష తప్పుటయే కారణముగ మరణించినవారు 2,248 మంది.

బంగారు వర్తకమునకు పేరొందిన ప్రొద్దుటూరు, పెన్న యొడ్డున నున్న జమ్మలమడుగు, చీనీ తోటల పులివెందుల - మూడింటను చదువుపై మక్కువ మెండు. వానను నమ్మరాని సీమలో బిడ్డ డాక్టరో ఇంజనీరో కావలయునని కోరుట సహజమే. కాని అప్పు చేసి కట్టిన ఫీజుల భారమంతయు పదునాఱేండ్ల బిడ్డ వీపున పడుచున్నది. ఇక కక్షలు చెలరేగిన పల్లెలలో, వెలుపలికేగిన తండ్రి మరల నింటికి వచ్చునా రాడా యని తలుపువంక జూచుచు పెరిగిన పిల్లలెందఱో! నేడు వారే తలిదండ్రులైరి. ఆ భయమునకు చికిత్స చేసినదెవ్వరు? చికిత్స లేని భయము కోపమై, మౌనమై తరువాతి తరమునకు సంక్రమించుట వింత కాదు.

మనోవైద్యమనగనే గొలుసులును, విద్యుత్తు పెట్టెలును తలచి జడియువారు పెక్కుఱు గలరు. బాలుర విషయమున నిది చాలవఱకు మాటలతో సాగు వైద్యము. పసివారిని ఆటబొమ్మలతో, చిత్రములతో మాటాడింతురు. ఎదిగిన వారికి తమ తలపులను తామే పరీక్షించుకొని భయమును కొంచెము కొంచెముగ నెదుర్కొను నభ్యాసము నేర్పుదురు. అవసరమైన చోటనే మందు. ముఖ్యముగ తలిదండ్రులను గూడ కూర్చుండబెట్టి యింటి నడవడి సవరింతురు. ఏలయన, పోరు మానని యింటిలో బిడ్డకు మాత్రము శాంతి యెట్లు కుదురును?

కుటుంబమును చేర్చుకొను నీ పద్ధతి పరదేశపు వింత యని యెవ్వరును త్రోసివేయరాదు. 1950వ దశకమున అమృతసర మానసిక వైద్యశాలలో డాక్టరు విద్యాసాగరు రోగుల బంధువులను ఆవరణలోనే గుడారములలో నుంచి చికిత్స నడపెను. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలయు నీ మార్గమునే త్రొక్కినది.

‘మా తాతలు ఈ వైద్యము లేకయే పెరుగలేదా?’ అని కొందఱందురు. పెరిగిరి, కాని వారికి రాత్రివేళ కడుపులోని మాట చెప్పుకొనుటకు అవ్వ యుండెను. హాస్టలు గదిలోని బిడ్డ కెవ్వరున్నారు? ‘మొక్కై వంగనిది మానై వంగునా’ యని బెత్తము పట్టువారు, మోటుగ వంచిన మొక్క విఱుగునని మఱువరాదు.

శాసనము మన పక్షముననే యున్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ప్రభుత్వము కల్పింపవలసిన సేవలలో బాలల మానసిక వైద్యమును జేర్చినది. రోగి విషయము గోప్యముగ నుంచవలయునని విధించినది. విశాఖపట్టణమున 2023లో ఒక విద్యార్థిని మరణింపగా ఆమె తండ్రి వేసిన వ్యాజ్యమున, 2025 జులై 25వ తేదీన సుప్రీముకోర్టు దేశమున కంతకును నియమములు విధించెను. నూఱుగురు లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు అర్హతగల మానసిక సలహాదారు నొక్కరినైనను నియమింపవలయును. అంతకు తక్కువ యున్నచో వెలుపలి నిపుణులతో నేర్పాటు చేసికొనవలయును. శిక్షణాలయములు మార్కులను బట్టి పిల్లలను వేఱుచేయుట, నలుగురిలో నవమానించుట మానవలయును. వేఱు శాసనము వచ్చువఱకు నీ నియమములే శాసనము.

కాని తీర్పు తనంతట తాను కడప దాటి మన వీథులకు నడచి రాదు. మూడు పట్టణముల కళాశాలలును తమ సలహాదారుని పేరు, కూర్చుండు వేళ గోడపై ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము. జిల్లా వైద్యాధికారులు మూడు పట్టణముల ఆసుపత్రులకును వారమున కొక నిర్ణీత దినమున మనోవైద్యుని బంపవలయును. పఠనాలయముల వారు నెలకొకమాఱు తలిదండ్రులను సమావేశపఱచి యీ సంగతులు చర్చింపజేయవలయును. 2022 అక్టోబరు 10వ తేదీన నారంభమైన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఉచితముగ ఫోను చేయవచ్చును. తెలుగున మాటాడువారు గలరు. ఈ యంకెను ప్రతి బడి గోడపైనను వ్రాయుడు.

బిడ్డ బ్రతుకు మీద విసిగినట్లు తోచినచో ఆ మాట యడుగుటకు వెఱవవలదు. అడిగినంత మాత్రమున లేని యూహ పుట్టదు; ఉన్న బరువు తగ్గును. తండ్రులారా! ఈ యేడు ఫీజు కట్టునపుడు రసీదుతోపాటు సలహాదారుని పేరును అడుగుడు. పేరు చెప్పలేని కళాశాలకు సుప్రీముకోర్టు తీర్పును మీరే చూపుడు.