దురద వెనుక చక్కెర

ప్రశ్న: మా అత్తగారికి పదేళ్లుగా చక్కెర వ్యాధి ఉంది. ఏడాదిగా గజ్జల్లోను, రొమ్ముల కిందను ఒకటే దురద. కాళ్లు పొడిబారి, రాత్రిళ్లు నిద్రలేక గోక్కుంటారు. డాక్టరుకు చూపించుకోవడానికి సిగ్గుపడి మందుల షాపునుంచి ఆయింట్‌మెంటు తెప్పించుకుంటారు. నాలుగు రోజులు తగ్గి, మళ్లీ రెట్టింపవుతోంది. పిల్లవాడికి అంటుతుందని మనవణ్ణి ఎత్తుకోవడం కూడా మానేశారు. ఏం చేయాలి?
– ఒక కోడలు, తెనాలి.

జవాబు: అమ్మా, మీ అత్తగారికి ఉన్నవి రెండు దురదలు కావచ్చు. ఒళ్లు మడతపడే చోట చెమ్మకు తామర వంటి ఫంగస్ జబ్బులు చేరతాయి. రక్తంలో చక్కెర ఎక్కువైతే అవి ఒక పట్టాన వదలవు. కాళ్ల దురదకు చర్మం పొడిబారడమో, నరాలు దెబ్బతినడమో కారణం కావచ్చు. రెంటికీ ఒకే మందు ఎలా పనిచేస్తుంది?

షాపుల్లో అడగ్గానే ఇచ్చే ఆయింట్‌మెంట్లు చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అది ఎరుపునూ, దురదనూ అణుస్తుంది గాని, ఫంగస్ నివురుగప్పిన నిప్పులా లోపల పాకుతూనే ఉంటుంది. చర్మం కూడా పలచబడుతుంది. ముందు దాన్ని ఆపించి, మంచి లేడీ డాక్టరుకు చూపించండి. ఆమె ఇచ్చిన మందు దురద తగ్గినా, చెప్పినన్నాళ్లూ వాడాలి.

మూడు నెలల చక్కెర సగటు తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్ష చేయించండి. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపుతాయి గనుక మర్మస్థానంలో ఫంగస్ రావచ్చు. అవి వాడుతుంటే సొంతంగా మానకుండా డాక్టరుతో చెప్పండి. ఒళ్లంతా దురదపెడుతూ పొక్కులేవీ లేకపోతే మూత్రపిండాలు, కాలేయం కూడా పరీక్షించాలి.

స్నానానికి గోరువెచ్చని నీళ్లే వాడాలి. మడతలు పొడిగా అద్దుకుని, కాళ్లకు మాత్రం తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె రాయాలి. వేళ్ల సందుల్లో వద్దు. గోళ్లు పొట్టిగా ఉండాలి. రోజూ మీరే పాదాలు చూడండి. తిమ్మిరెక్కిన కాలికి గోరు గాయం తెలియదు. పుండు, చీము కనిపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

తామర తువ్వాళ్లు, బట్టలు, దుప్పట్ల ద్వారా అంటుతుంది. ఆవిడవి వేరుగా ఉతికి ఎండలో ఆరవేయండి. మానేదాకా పిల్లవాణ్ణి ఆవిడ పక్కలో పడుకోబెట్టకండి. అంతే, ఉతికిన చీర కట్టుకుని, చేతులు కడుక్కుని మనవణ్ణి నిశ్చింతగా ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. ఆ మాట ఈరోజే ఆవిడతో చెప్పండి. డాక్టరు దగ్గరకు మీరే తోడు వెళ్లండి. సగం సిగ్గు అక్కడే పోతుంది.