అర్హత వేరు, యోగ్యత వేరు

పదవికి తగిన మనిషిని వెదకడం ఒక పద్ధతి. గెలుపునకు పనికివచ్చే మనిషిని వెదకడం మరొక పద్ధతి. ఈ రెంటి నడుమగల అంతరాన్ని తెలుసుకోదలచినవారు 2008వ సంవత్సరపు అమెరికా ఎన్నికలను ఒకసారి పరిశీలించాలి. ఆ యేడు ఆగస్టు 29న రిపబ్లికన్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీచేస్తున్న జాన్ మెకెయిన్, ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరంలో, తన ఉపాధ్యక్ష అభ్యర్థిగా అలాస్కా గవర్నరు శ్రీమతి సారా పేలిన్ పేరును ప్రకటించారు. ఆమె ఆ పదవికి తగినవారా, కాదా అన్న వాదం ఎన్నికలతో ముగిసిపోలేదు. ఆ వాదంలో నాకు తోచిన నాలుగు మాటలు విద్యార్థి మిత్రులకు, కళాశాల కమిటీ పెద్దలకు విన్నవించుకోవడమే ఈ వ్యాసోద్దేశం.

ముందుగా చట్టం సంగతి. అమెరికా అధ్యక్షుడు కాదలచినవాడు జన్మతః ఆ దేశ పౌరుడై ఉండాలి. 35 ఏళ్ళు నిండి ఉండాలి. 14 ఏళ్ళు ఆ దేశంలో నివసించి ఉండాలి. అధ్యక్ష పదవికి అనర్హుడైనవాడు ఉపాధ్యక్ష పదవికీ అనర్హుడేనని 1804లో అమలులోకి వచ్చిన పన్నెండవ సవరణ నిర్దేశిస్తోంది. నాటికి 44 ఏళ్ళ శ్రీమతి పేలిన్‌కు ఈ అర్హతలన్నీ ఉన్నాయి. కనుక చట్టం దృష్టిలో వాదానికే తావు లేదు. అయితే చట్టం ద్వారం తెరుస్తుందే కాని, లోపలికి వచ్చినవాని శక్తిసామర్థ్యాలకు పూచీ పడదు. అర్హత ఒకటి, యోగ్యత మరొకటి. మన ఉర్దూ మిత్రుల మాటల్లో చెప్పాలంటే ‘అహ్లియత్’ ఉన్నంత మాత్రాన ‘ఖాబిలియత్’ ఉన్నట్లు కాదు.

ఉపాధ్యక్ష పదవికి అంత యోగ్యత ఎందుకని కొందరు ప్రశ్నించవచ్చు. మామూలు రోజుల్లో ఆ పదవికి రాజ్యాంగం అప్పగించిన పని స్వల్పమే: సెనేట్‌కు అధ్యక్షత వహించడం, ఇరుపక్షాల ఓట్లు సమానమైనప్పుడు తన ఓటు వేయడం. కాని విధి తలుపు తట్టిన నాడు ఆ పదవి స్వరూపమే మారిపోతుంది. ఎనిమిదిమంది అధ్యక్షులు పదవిలో ఉండగానే మరణించడం వల్ల, 1974లో ఒకరు రాజీనామా చేయడం వల్ల, మొత్తం తొమ్మిదిమంది ఉపాధ్యక్షులు ఆ మహాపీఠాన్ని అధిష్ఠించవలసి వచ్చింది. 1945 ఏప్రిల్ 12న రూజ్‌వెల్ట్ మరణించినప్పుడు హారీ ట్రూమన్ ఉపాధ్యక్షుడై 82 రోజులే అయింది. అణుబాంబు నిర్మాణపు పూర్తి వివరాలు ఆయనకు తెలిసింది అధ్యక్షుడైన తరువాతనే!

మన దేశంలో ఏర్పాటు వేరు. రాష్ట్రపతి పదవి ఖాళీ అయితే ఉపరాష్ట్రపతి తాత్కాలికంగా బాధ్యత వహిస్తారు. ఆరు మాసాల లోపున ఎన్నిక జరిగి తీరాలి. హైదరాబాదులో జన్మించిన విద్యావేత్త డాక్టర్ జాకిర్ హుస్సేన్ 1969 మే 3న రాష్ట్రపతిగా ఉండగానే కన్నుమూసినప్పుడు ఈ విధంగానే జరిగింది. ఆ ఆగస్టు నాటికే కొత్త రాష్ట్రపతి ఎన్నికయ్యారు. అమెరికాలో అట్టి వ్యవధి లేదు. అక్కడ ఉపాధ్యక్షుడు మిగిలిన పదవీకాలమంతటికీ పూర్తి అధికారాలు గల అధ్యక్షుడవుతాడు. పైగా 2008లో మెకెయిన్ వయస్సు 72 ఏళ్ళు. అంతకుముందు ఆయన చర్మ క్యాన్సరుకు చికిత్స పొందినవారు. కాబట్టి ఆనాటి ఓటరు ముందున్న అసలు ప్రశ్న “ఈమె ఉపాధ్యక్షురాలు కాగలదా?” అన్నది కాదు. “రేపు ఉదయమే ఈమె అధ్యక్షురాలు కావలసి వస్తే?” అన్నది.

ఈ ప్రశ్నకు సమాధానం వెదకేటప్పుడు న్యాయం తప్పరాదు. శ్రీమతి పేలిన్‌పై వచ్చిన విమర్శలలో తాలు చాలా ఉంది. ఆమె వాసిల్లా అనే చిన్న పట్టణానికి మేయరుగా పనిచేశారని ఎగతాళి చేశారు. చిన్న ఊరినుంచి రావడం నేరమా? పేరుమోసిన విశ్వవిద్యాలయంలో చదవలేదన్నారు. ట్రూమన్‌కు అసలు పట్టమే లేదు. ఐదుగురు బిడ్డల తల్లి ఇంత బాధ్యత ఎట్లా మోయగలదన్నారు. ఐదుగురు బిడ్డల తండ్రిని ఎవరైనా ఈ ప్రశ్న అడిగారా? మా యింటి నుంచి రష్యా కనిపిస్తుందని ఆమె అన్నట్లు నేటికీ లోకం చెప్పుకుంటున్నది. ఆ మాట ఆమెది కాదు. ఆమెను అనుకరిస్తూ టీనా ఫే అనే నటి ఒక హాస్య కార్యక్రమంలో పలికినది. అలాస్కాకు చెందిన ఒక దీవి నుంచి రష్యా భూభాగం కనిపిస్తుందని మాత్రమే శ్రీమతి పేలిన్ అన్నారు. అది భూగోళశాస్త్రం అంగీకరించే సత్యమే.

ఆమె సాధించినవీ తక్కువ కావు. 2006లో పదవిలో ఉన్న గవర్నరును, అదీ స్వపక్షీయుణ్ణి, ఓడించి అభ్యర్థిత్వం సంపాదించారు. అలాస్కాకు తొలి మహిళా గవర్నరు అయ్యారు. 2007లో చమురు కంపెనీలపై పన్ను పెంచగలిగారు. ధైర్యం లేని మనిషి చేయగల పనులు కావివి.

మరి లోపం ఎక్కడ? నా దృష్టిలో అది అనుభవలోపం కాదు, అధ్యయనలోపం. ఆ సెప్టెంబరులో పాత్రికేయురాలు కేటీ కౌరిక్ ఆమెను, మీరు ఏయే పత్రికలు చదువుతారని అడిగారు. అది చిక్కు ప్రశ్న కాదు. మన గ్రంథాలయ గుమాస్తా కూడా అడగదగిన ప్రశ్న. అన్నీ చదువుతానన్నారే తప్ప ఒక్క పత్రిక పేరైనా చెప్పలేదు. గర్భస్రావ హక్కుకు సంబంధించిన ప్రసిద్ధమైన తీర్పు కాక, సుప్రీంకోర్టు తీర్పులలో తాము అంగీకరించనిది మరొకటి చెప్పమంటే చెప్పలేకపోయారు. విదేశాంగ విషయాలలో అనుభవమేమిటంటే తమ రాష్ట్రం రష్యాకు సమీపంలో ఉన్నదన్నారు. సముద్రం పక్కన ఇల్లున్నవాడు నావికుడైపోడు కదా!

ఇక్కడ ఒక ఆక్షేపణ వినవస్తుంది. ప్రత్యర్థి బరాక్ ఒబామా సెనేటుకు వచ్చి మాత్రం ఎంతకాలమైంది? నాలుగేళ్ళు కూడా నిండలేదే! ఈ ఆక్షేపణలో బలం ఉంది. కాని ఒబామా 2007 ఫిబ్రవరిలోనే బరిలోకి దిగారు. స్వపక్షంలోని ఉద్దండులతో అనేక పర్యాయాలు బహిరంగంగా వాదించారు; రాష్ట్రం వెంట రాష్ట్రం ప్రజలు ఆయనను పరీక్షించారు. శ్రీమతి పేలిన్‌ను పరీక్షించడానికి ప్రజలకు దొరికినవి 67 రోజులు. అక్టోబరు 2న జో బైడెన్‌తో జరిగిన చర్చలో, దాదాపు 7 కోట్లమంది వీక్షిస్తుండగా, ఆమె తొట్రుపడకుండా నిలబడ్డారు. దాన్ని మెచ్చుకోవలసిందే. అయినా ఒక రాత్రి పరీక్షలో నెగ్గడం వేరు, ఏళ్ళ తరబడి పాఠం చదివి ఉండడం వేరు. ఈ భేదం విద్యార్థులకు నేను వివరించనక్కరలేదు.

స్వయంగా రిపబ్లికన్ అయిన మాజీ విదేశాంగ మంత్రి కోలిన్ పోవెల్ అక్టోబరు 19న, ఆమె అధ్యక్ష పదవికి సిద్ధంగా లేరని తేల్చి చెప్పి, ఒబామాకు మద్దతు ప్రకటించారు. ఆ సంభాషణలోనే ఆయన మరొక మాట అన్నారు. మనవంటి కళాశాల వారు దాన్ని మరచిపోరాదు. ఒబామా ముస్లిం అని కొందరు పుకారు పుట్టించి దాన్నే అనర్హతగా ప్రచారం చేస్తుండగా, ఆయన క్రైస్తవుడని చెబుతూనే, ఒకవేళ ముస్లిం అయితే మాత్రం తప్పేమిటని పోవెల్ నిలదీశారు. ఒకే నాలుకతో ఆయన రెండు తూనికలు తూచారు. జ్ఞానాన్ని, సంసిద్ధతను తూచవచ్చును. పుట్టుకను, మతాన్ని తూచరాదు. యోగ్యతాచర్చకు ఇంతకంటె మంచి హద్దుగీత నాకు కనిపించలేదు.

నవంబరు 4న మెకెయిన్ పక్షం 365కు 173 ఓట్ల తేడాతో ఎన్నికల సంఘంలో ఓడిపోయింది. ఓటమిని అయోగ్యతకు నిదర్శనంగా నేను చూపడం లేదు. ఆ సెప్టెంబరులో విరుచుకుపడ్డ ఆర్థిక సంక్షోభం పాత్ర అందులో ఎక్కువ. గెలిచి ఉన్నా నా అభిప్రాయం ఇదే. శ్రీమతి పేలిన్‌కు అర్హత ఉంది, ప్రతిభ ఉంది, ఆ నాటికి సంసిద్ధత లేదు. అయితే దోషంలో పెద్ద పాలు ఆమెది కాదు, ఎంచుకున్నవారిది. స్వల్ప పరిచయంతో, తొందరపాటుతో, జనాకర్షణే ప్రమాణంగా ఆమెను ఎంచుకున్నారు. తన మిత్రుడు జో లీబర్‌మన్‌ను ఎంచుకోనందుకు చింతిస్తున్నానని మెకెయిన్ 2018లో, తన చివరి గ్రంథంలో ఒప్పుకున్నారు. అది ఆయన పెద్దరికం.

ఎంచుకునే అధికారం గల పెద్దలకు ఇందులో ఒక పాఠముంది: రెండవ స్థానానికి మనిషిని ఎంచుకునేటప్పుడు మొదటి స్థానానికి ఎంచుకుంటున్నట్లే విచారించాలి. విద్యార్థులకు మరొక పాఠముంది. పిలుపు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చిన తరువాత చదువుకోవడానికి వ్యవధి ఉండదు. “నీవు ఏ పత్రిక చదువుతావు?” అని రేపు ఎవరైనా అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పగలిగేటట్లు ఈనాడే మన పఠనమందిరంలో ఒక గంట గడుపుదాం.