ఆరు కొమ్ముల పెట్టె, పదేళ్ల ల్యాప్‌టాప్

విజయనగరం కోటకు దగ్గర్లో మా పెద్దమ్మగారిది పాత పెంకుటిల్లు. మధ్యలో మండువా, చుట్టూ రాయీ సున్నమూ కలిపి కట్టిన మందపాటి గోడలు. కిందటి నెల వెళ్లేసరికి అన్నయ్య కొత్త వైఫై రౌటర్ చూపించాడు. ఆరు వేలు పెట్టి కొన్నాడు. ఆరు యాంటెన్నాలు. ‘‘ఆరు కొమ్ములున్నాయి కదరా, వంటింట్లోకి రాదేటి?’’ అంది పెద్దమ్మ. ఆవిడ వంట చేస్తూ ఫోన్లో ప్రవచనాలు వింటుంది.

పెట్టె ఎక్కడుందని చూశాను. హాల్లో టీవీ వెనక చెక్క బీరువాలో, నేలకు జానెడెత్తున ఉంది. ఫోన్లో స్పీడ్ టెస్ట్ పెట్టుకుని నడిచాను. హాల్లో 80 ఎంబీపీఎస్, మండువా దాటితే 20, వంటింట్లో 3. పెట్టెను బయటికి తీసి గుమ్మం పక్కన ఎత్తుగా పెట్టాం. వంటింట్లో 11 వచ్చింది. పైసా ఖర్చు లేదు.

కొమ్ములు ఎక్కువైతే దూరం పోతుందన్నది చాలామంది నమ్మకం. కానీ రౌటర్ ఎంత బలంగా ప్రసారం చేయొచ్చో ప్రభుత్వం హద్దు పెట్టింది. రెండు కొమ్ములదైనా ఆరు కొమ్ములదైనా ఆ హద్దు ఒకటే. పైగా ఇది రెండువైపులా సాగే మాట. రౌటర్ గొంతు ఫోన్‌కు వినబడితే చాలదు, చిన్న బ్యాటరీతో నడిచే ఫోన్ గొంతు కూడా గోడలు దాటి రౌటర్‌ను చేరాలి. 5 గిగాహెర్ట్జ్ తరంగాలకు వేగం ఎక్కువ, కానీ మందపాటి గోడ తగిలితే నీరసపడతాయి. 2.4 గిగాహెర్ట్జ్ కాస్త లోపలికి వెళ్తుంది గానీ అపార్ట్‌మెంట్లలో పక్కింటి వైఫైలన్నీ అక్కడే గుంపుకూడతాయి. అక్కడ 1, 6, 11 ఛానెళ్లలో ఖాళీగా ఉన్నది ఎంచుకోవాలి.

రాతి గోడకు మందు తీగే. పదిహేను మీటర్ల క్యాట్-6 కేబుల్ తెప్పించి చూరు వెంబడి వంటింటి దాకా లాగాం. అటక మీద పడున్న పాత రౌటర్‌ను దించి, దానిలో డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రసులు పంచే పని) ఆపేసి, తీగను ల్యాన్ పోర్టుకు తగిలించి, పేరూ పాస్‌వర్డూ హాల్లోదానివే పెట్టాం. వంటింట్లో 70 వచ్చింది. పడింది కొన్ని వందలే. తీగ లాగే వీలున్న ఇంట్లో రిపీటర్ కొనడం నాకు నచ్చదు. అది విన్నదాన్నే మళ్లీ చెప్పాలి కాబట్టి వేగం తరచూ సగానికి సగం పోతుంది.

కొనక తప్పకపోతే అట్ట పెట్టె మీద వేగం 1200 అని కనిపించే అంకెను నమ్మకండి. వెనక పోర్టులు గిగాబిట్‌వా అని అడగండి. చవక రకాల్లో అవి 100 ఎంబీపీఎస్‌వే ఉంటాయి. 200 ప్లాను కట్టినా ఇంట్లోకి వచ్చేది 100లోపే. కరెంటు పోయినప్పుడు నెట్ కావాలంటే 12 వోల్టుల చిన్న యూపీఎస్ తీసుకోండి. ఫైబర్ పెట్టెకూ రౌటర్‌కూ రెండింటికీ అది అందాలి. రౌటర్ స్టిక్కర్ మీదున్న పాస్‌వర్డ్ మాత్రం కొన్న రోజే మార్చేయండి.

2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు మొదటి ప్యాకేజీ నెలకు 149 రూపాయలు. కరెంటు స్తంభాల మీదుగా తీగ పల్లెలకు చేరింది. ఆ తీగ చివర వాడే పరికరాల గురించి మాత్రం జనానికి చెప్పేవాళ్లు తక్కువ. కంప్యూటర్ విషయంలోనూ అంతే.

అన్నయ్య కూతురు ఇంజినీరింగ్ రెండో ఏడు. 2015లో కొన్న ల్యాప్‌టాప్, నాలుగు జీబీ ర్యామ్. ‘‘ఇది ఇంక పనికిరాదన్నారు చిన్నాన్నా, కొత్తది కొనాలట’’ అంది. 2025లో పైడితల్లమ్మ సిరిమానోత్సవం అయిన మరుసటి మంగళవారమే, అక్టోబర్ 14న, మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు మద్దతు ముగించింది. నమోదు చేసుకున్నవాళ్లకు భద్రతా సవరణలు మరో ఏడాది ఇస్తామంది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. బాగా నడుస్తున్న యంత్రాన్ని ఒక తేదీ చెప్పి ముసలిదాన్ని చేయడం నాకు బాధగా ఉంటుంది. పిల్ల చదువుకు మళ్లీ నలభై యాభై వేలు అప్పు చేసే ఇళ్లు మన జిల్లాలో తక్కువేమీ కాదు.

అలాంటి యంత్రంలో విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత వ్యవస్థ పెట్టుకోవచ్చు. లినక్స్ అంటే భయపడేవాళ్లకు ఒక మాట. అది మీ ఇంట్లోకి ఎప్పుడో వచ్చింది. 2002 చివర్లో వచ్చిన లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటర్ లోపల లినక్స్ ఉందని జనం కనిపెట్టారు. లైసెన్సు ప్రకారం కోడ్ బయటపెట్టక కంపెనీకి తప్పలేదు. దాన్నుంచే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది. ఈనాటి ఇంటి రౌటర్లలో చాలావాటి లోపల ఉన్నది లినక్సే. మీ ఆండ్రాయిడ్ ఫోన్ గుండెలోనూ అదే.

అన్నయ్య కూతురి ల్యాప్‌టాప్ కోసం లినక్స్‌లో మింట్ అనేదాన్ని, అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకాన్ని, ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కి పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే, లోపలి డిస్కును ముట్టుకోకుండానే మొత్తం తెరుచుకుంది. వైఫై గుర్తు మాత్రం లేదు. బ్రాడ్‌కామ్ చిప్ ఉన్న పాత యంత్రాల్లో ఇది మామూలే. ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాం, డ్రైవర్ మేనేజర్ కావలసింది తెచ్చుకుంది. రెండు రోజులు అలాగే వాడి చూసి, ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసుకుని, పాత హార్డ్‌డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డీ పెట్టి, అప్పుడు ఇన్‌స్టాల్ చేశాం. ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్, పైథాన్, సీ కంపైలర్, ఆ పిల్లకు కావలసినవన్నీ నడుస్తున్నాయి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది. ఈ జిల్లాల మహనీయుల పేర్లు పెట్టిన ‘గిడుగు’, ‘గురజాడ’ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఆ పిల్ల సెమినార్ పేజీకి శీర్షిక ‘గురజాడ’లోనే పెట్టింది.

అందరినీ మారమనను. అను ఫాంట్లతో పేజ్‌మేకర్ మీద బతికే డీటీపీ షాపులు, ట్యాలీలో లెక్కలు రాసేవాళ్లు విండోస్‌లోనే ఉండాలి. అవి లినక్స్‌లో నేరుగా నడవవు.

మిగతావాళ్లు పదేళ్ల ల్యాప్‌టాప్‌ను పాత సామాన్ల బండిలో వేసే ముందు ఒక్క ఆదివారం దానికివ్వండి. పెన్‌డ్రైవ్‌తో తెరిచి చూడండి. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేసి మళ్లీ ఆన్ చేయండి. మీ విండోస్ ఎక్కడిదక్కడే ఉంటుంది.